పాళెము: దొంగల స్థావరమా, దొరల స్థావరమా?

అంతరిక్ష కథలు చదివే అలవాటున్న విద్యార్థులకు ఒక దృశ్యం బాగా పరిచయమే. రాజ్యపు నౌకలు చేరని దూరాన ఒక నక్షత్ర మండలం ఉంటుంది. దాని గ్రహాల్లో ఒకదాని మీద అంతరిక్షపు ఓడదొంగలు స్థావరం వేసుకొని ఉంటారు. దారిన పోయే వర్తక నౌకలను కొల్లగొట్టి, ఆ సొమ్ముతో అక్కడికి చేరుకుంటారు. చివరికి రాజ్యపు సైన్యం ఆ చోటు ఆచూకీ పట్టి, స్థావరాన్ని నేలమట్టం చేస్తుంది. కథ ముగుస్తుంది, పాఠకుడు తృప్తిగా పుస్తకం మూస్తాడు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన విద్యార్థికి మాత్రం అంత తృప్తి తగదని మా అభిప్రాయం. ఇంచుమించు ఇదే కథ రెండు వందల ఏళ్లకు పూర్వం అతని ఊరి చుట్టుపక్కలనే జరిగింది. అందులో ‘దొంగలు’ అనిపించుకున్నవారిలో చాలామంది ఇంటిభాష తెలుగు. ‘స్థావరం’ అనిపించుకున్న చోటికి మన భాషలో ఉన్న పేరు పాళెము. ఒక చోటికి ‘దొంగల స్థావరం’ అనే పేరు ఎలా వస్తుంది, ఎవరు పెడతారు, పెట్టిన తరువాత ఏమవుతుంది అనే మూడు సంగతులను ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాము.

కథలోని నక్షత్ర మండలం

ముందుగా కథల సంగతి చూద్దాం. అమెరికా రచయిత ఇ. ఇ. స్మిత్ రాసిన ‘గెలాక్టిక్ పెట్రోల్’ నవల 1937-38లో ‘అస్టౌండింగ్ స్టోరీస్’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. అందులో బోస్కోన్ అనే పేరుతో అంతరిక్ష దొంగలు నౌకలను దోచుకుంటూ ఉంటారు. వారి ప్రధాన స్థావరం మన పాలపుంతకు వెలుపల ఒక నక్షత్ర గుచ్ఛంలో ఉంటుంది. కథానాయకుడు కిన్నిసన్, ఆ స్థావరం నుంచి వెలువడే వార్తా కిరణాలు వేర్వేరు చోట్ల ఏ దిక్కుకు పోతున్నాయో గుర్తించి, ఆ రేఖలు కలిసే చోటును బట్టి దాని ఉనికిని కనిపెడతాడు. మనకు ఇక్కడ కావలసిన విషయం మరొకటుంది. మొదట్లో కేవలం దొంగల ముఠా అనుకున్న బోస్కోన్, కథ నడిచేకొద్దీ ఒక పెద్ద పాలనా వ్యవస్థగా బయటపడుతుంది. దానికి తన సొంత అధికారులు, సొంత క్రమశిక్షణ, సొంత ఆజ్ఞలు ఉంటాయి. స్మిత్ దానిని దుష్టవ్యవస్థగానే చిత్రించాడు. అయినా ‘దొంగలు’ అన్న మాట ఎంత వేగంగా ‘మరొక ప్రభుత్వం’ అన్న మాటగా మారిపోతుందో ఈ నవల చూపిస్తుంది.

ఈ ఊహకు అంతకన్నా పాత మూలాలు ఉన్నాయి. 1728లో ఇంగ్లండులో వెలువడిన ఓడదొంగల చరిత్ర రెండవ సంపుటంలో లిబర్టాలియా అనే ఓడదొంగల రాజ్యం గురించి ఉంది. మడగాస్కర్ దీవిలో ఉన్నట్టు చెప్పిన ఆ రాజ్యం కల్పితమని పండితులు భావిస్తారు. ఇంకా వెనక్కు వెళితే, అయిదవ శతాబ్దంలో సెయింట్ అగస్టీన్ తన గ్రంథంలో ఒక కథ చెప్పాడు. పట్టుబడిన ఒక ఓడదొంగను అలెగ్జాండరు చక్రవర్తి ప్రశ్నించగా, నాది చిన్న ఓడ గనుక దొంగనయ్యాను, నీది పెద్ద నౌకాదళం గనుక చక్రవర్తివయ్యావు అనే అర్థంలో అతడు బదులిచ్చాడట.

మన దేశంలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. మరాఠా నౌకాదళానికి సర్‌ఖేల్‌గా పనిచేసి 1729లో మరణించిన కాన్హోజీ ఆంగ్రేను ఈస్టిండియా కంపెనీవారు ఓడదొంగగానే లెక్కగట్టారు. మరాఠాల దృష్టిలో ఆయన కొంకణ తీరాన్ని కాపాడిన అధికారి. ఓడ ఒకటే, తీరం ఒకటే. రాసే చేయి మారేసరికి పేరు మారింది.

పాళెము అనే మాట

సముద్రం నుంచి ఇప్పుడు మన కరిసల్ నేలకు, అంటే కోవిల్‌పట్టి నల్లరేగడి నేలకు వద్దాం. తెలుగులో పాళెము అంటే దండు దిగిన చోటు, సైన్యపు విడిది. దండు దిగిన చోట జనం స్థిరపడితే అది ఊరవుతుంది. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో ‘పాలెం’తో ముగిసే ఊళ్లు అనేకం. తమిళంలో ఇదే ‘పాళయం’. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం, తిరునల్వేలి పక్కనున్న పాళయంకోట పేర్లలో ఈ మాటే ఉంది. కనుక ‘స్థావరం’ అన్న అర్థం ఈ మాటలో మొదటి నుంచీ ఉంది. ‘దొంగల’ అన్న విశేషణం మాత్రం తరువాత వచ్చి చేరింది.

పదహారవ శతాబ్దంలో మధురను ఏలిన విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ మొదలియారు కలిసి రాజ్యాన్ని 72 పాళెములుగా ఏర్పరచారని ప్రసిద్ధి. పాళెమును ఏలేవాడు పాళెగాడు, తమిళంలో పాళయక్కారర్. అతడు తన ప్రాంతంలో పన్ను వసూలు చేయాలి, తగవులు తీర్చాలి, సైన్యాన్ని పోషించాలి, రాజు పిలిస్తే ఆ సైన్యంతో రావాలి. తిరునల్వేలి సీమలో పడమటి పాళెములలో మరవ నాయకులు ఎక్కువ. తూర్పున, నల్లరేగడి నేలలో, తెలుగు మాట్లాడే నాయకరులు ఎక్కువ. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం పాళెములు రెండూ ఈ తూర్పు భాగంలోనివే. రెండింటినీ ఏలినవారు రాజకంబళ నాయకరులే.

పాళెగాడు అనే మాట ఇంగ్లీషువారి నోట ‘పోలిగార్’ అయింది. 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఈ మాటకు అర్థం చెబుతూ, వీరు ఒక రాజుకు లోబడిన సామంతులని ఒప్పుకుంటూనే, పూర్వం దోపిడీ అలవాట్లు గలవారని కూడా చేర్చింది. ఒక పదవి పేరు నిఘంటువులోకి ఎక్కేసరికి సగం నిందగా మారిందన్నమాట. ఈ మార్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే కావలి సొమ్ము సంగతి తెలియాలి.

కావలి సొమ్ము

పాళెగాడికి వచ్చే ఆదాయంలో కావలి ఒక ముఖ్యభాగం. ఒక ఊరికి సంబంధించినది స్థలకావలి, అనేక ఊళ్లు, దారులు కలిసిన ప్రాంతానికి సంబంధించినది దేశకావలి. రైతులు, వర్తకులు తమ పంటకు, పశువులకు, సరుకుకు రక్షణగా కొంత రుసుము చెల్లించేవారు. దానికి బదులు కావలిదారుకు ఒక బాధ్యత ఉండేది: దొంగతనం జరిగితే సొమ్ము వెదకి తేవాలి, లేదా నష్టం తానే పూడ్చాలి.

ఈ ఏర్పాటును రెండు విధాలుగా వర్ణించవచ్చు. కావలిదారు తన మాట నిలుపుకున్నంత కాలం అది రక్షణ రుసుము. బలవంతుడైన పాళెగాడు తనకు హక్కులేని ఊళ్లకు కూడా మనుషులను పంపి, ఇవ్వకపోతే పశువులను తోలుకుపోతే, అది దోపిడీ. రెండూ జరిగాయి. పాళెగాళ్లు పొరుగు పాళెముల మీద పడి పంట, పశువులు పట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. మనవారు గనుక ఆ సంగతి దాచిపెట్టడం చరిత్ర విద్యార్థికి తగదు.

అయితే కంపెనీ అధికారులు ఈ రెండింటి మధ్య భేదం చూడలేదు. 1792లో ఆర్కాటు నవాబుతో చేసుకున్న ఒప్పందం వల్ల పాళెగాళ్ల నుంచి పేష్కషు, అంటే కప్పం, వసూలు చేసే హక్కు కంపెనీకి దక్కింది. అప్పటి నుంచి కంపెనీవారు వసూలు చేస్తే శిస్తు, పాళెగాడు వసూలు చేస్తే దోపిడీ అయింది.

పాంచాలంకురిచ్చి

పాంచాలంకురిచ్చి ఒట్టపిడారం దగ్గర ఉంది. దాని పాళెగాళ్ల వంశనామం మొదట ‘గెట్టిబొమ్ము’ అనీ, అదే తమిళుల నోట ‘కట్టబొమ్మన్’ అయిందనీ వంశ కథనం. గెట్టి అంటే గట్టి అని వేరే చెప్పనక్కరలేదు.

1783లో కర్నల్ ఫుల్లర్టన్ ఈ కోట మీద దాడి చేశాడు. వీరపాండ్య కట్టబొమ్మన్ అధికారానికి రావడానికి ఏడేళ్ల ముందు సంగతి ఇది. కోటలో దొరికిన 40,000 నక్షత్ర వరహాలను అక్కడికక్కడే సైనికులకు పంచిపెట్టినట్టు ఆయనే రాసుకున్నాడు. నక్షత్ర వరహా అంటే ఒక వైపు నక్షత్రపు గుర్తు ఉన్న చెన్నపట్నపు బంగారు నాణెం. కోటలో మరొకటి కూడా దొరికింది. అది కొలంబోలోని డచ్చి ప్రభుత్వానికీ పాంచాలంకురిచ్చి పాళెగాడికీ మధ్య జరిగిన ఒప్పందపు అసలు ప్రతి. ఈ రెండు వస్తువులనూ పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులకు మా మనవి. విదేశపు ప్రభుత్వం దొంగల ముఠాతో ఒప్పందం రాసుకోదు. ఇక కోట పగలగొట్టి, బంగారం పంచుకున్న పనిని ఏ పేరుతో పిలవాలో పాఠకులే ఆలోచించగలరు.

వీరపాండ్య కట్టబొమ్మన్ 1790లో పాళెగాడయ్యాడు. 1798లో కప్పం బకాయి పడిందని కలెక్టరు జాక్సన్ ఆయనను పిలిపించాడు. పిలిచినచోట కలవకుండా, శ్రీవిల్లిపుత్తూరు మొదలైన ఊళ్ల మీదుగా తన వెంట తిప్పుకుని, చివరకు సెప్టెంబరులో రామనాథపురంలో కలిశాడు. లెక్కలు చూస్తే పెద్ద మొత్తం అప్పటికే చెల్లింది. మిగిలినది 1,080 వరహాలు మాత్రమే. ఆ భేటీలో పెనుగులాట జరిగింది, లెఫ్టినెంట్ క్లార్క్ మరణించాడు, కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు, ఆయన మంత్రి సుబ్రహ్మణ్య పిళ్లై పట్టుబడ్డాడు. కంపెనీ నియమించిన విచారణ సంఘం అదే సంవత్సరం డిసెంబరులో ఈ వ్యవహారాన్ని పరిశీలించి, తప్పు జాక్సన్ వైపున ఉందని తేల్చింది. జాక్సన్ పదవి పోయింది, పిళ్లై విడుదలయ్యాడు. అంటే 1798 చివర కంపెనీ సొంత కాగితాలలోనే కట్టబొమ్మన్ నిర్దోషి.

పట్టుమని ఏడాది తిరగలేదు. 1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చిని ముట్టడించాడు. కట్టబొమ్మన్ కోట విడిచి పుదుక్కోట సీమలోని అడవుల్లోకి వెళ్లగా, అక్కడి తొండమాన్ రాజు పట్టి అప్పగించాడు. అక్టోబరు 16న కయత్తారులో, మిగతా పాళెగాళ్లందరినీ పిలిపించి నిలబెట్టి, వారి కళ్ల ముందు ఆయనను ఉరితీశారు. దొంగను ఉరితీయడానికి సామంతులను సాక్షులుగా నిలబెట్టనక్కరలేదు. అది వారందరికీ చెప్పిన పాఠం.

ఆ పాఠం వెంటనే ఒంటబట్టలేదు. కట్టబొమ్మన్ తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరి 2న పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, కొద్ది రోజుల్లోనే మట్టికోటను మళ్లీ లేపాడు. మార్చిలో కంపెనీ దళాలు దాడి చేసి వెనుదిరిగాయి. మే 24న కర్నల్ ఆగ్న్యూ కోట పట్టుకున్నాడు. నవంబరు 16న ఊమైదురైని కూడా ఉరితీశారు. కోటను నేలమట్టం చేసి, ఆ నేలను దున్నించి, ఆముదాలు చల్లించారని ప్రసిద్ధి. అంతరిక్ష కథల్లో గ్రహాన్ని పేల్చివేసే ఘట్టానికి ఇది మన ప్రాంతపు రూపం.

ఒకే నేల, రెండు పేర్లు

ఇప్పుడు ఎట్టయపురం సంగతి చూద్దాం. అదీ పాళెమే. అక్కడి దొరల ఇంటిభాషా తెలుగే. కావలి సొమ్ము అక్కడా ఉండేది, కోటా ఉండేది, సైన్యమూ ఉండేది. అయితే ఎట్టయపురం కంపెనీ పక్షాన నిలిచింది. పాంచాలంకురిచ్చి భూముల్లో కొంత దానికి బహుమానంగా దక్కింది. 1803 శాశ్వత శిస్తు ఏర్పాటుతో పాళెములు జమీందారీలయ్యాయి. ఆ తరువాత ఎట్టయపురాన్ని దొంగల స్థావరమని ఎవరూ అనలేదు. అది సంస్థానం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది అక్కడే. 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టింది ఆ ఊళ్లోనే.

పాంచాలంకురిచ్చితో పాటు నాగలాపురం, కాడల్‌కుడి, కుళత్తూరు, నేటి విరుదునగర్ జిల్లాలోని ఏళాయిరంపణ్ణై వంటి పాళెములను కంపెనీ జప్తు చేసింది. భాష, కులం, నేల, ఆదాయపు తీరు అన్నీ ఒకటిగా ఉన్న పాంచాలంకురిచ్చి, ఎట్టయపురాలలో ఒకటి సంగీతానికీ సాహిత్యానికీ ఆశ్రయంగా, మరొకటి తిరుగుబోతుల కోటగా కాగితాలకెక్కాయి. తేడా ఒక్కటే: ఒకరు కొత్త ప్రభువును ఒప్పుకున్నారు, మరొకరు ఒప్పుకోలేదు. ఎట్టయపురం వారిని ద్రోహులని తిట్టడం నేడు సులువు. ఆ తిట్టు కూడా మరొక రకం ముద్రేనని, వారి ఇబ్బందులు ఏమిటో వెదకకుండా ఆ మాట వాడడం చదువుకున్నవారి పని కాదని మేము భావిస్తాము.

పేరు చట్టమైనప్పుడు

దొంగ అనే ముద్ర కోటలతోనే పోలేదు. 1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటనతో పాళెగాళ్లు, వారి జనం ఆయుధాలు విడిచిపెట్టవలసి వచ్చింది. కావలి అధికారం చేతులు మారింది. తరతరాలుగా కాపలాయే వృత్తిగా బతికినవారికి ఆ వృత్తి పోయింది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వర్తించింది. దాని ప్రకారం ఒక కులంలో పుట్టినంత మాత్రాన మనిషిని పుట్టు దొంగగా నమోదు చేయవచ్చు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ చట్టం నుంచి విముక్తి పొందిన జాతుల జాబితా తమిళనాడు ప్రభుత్వం దగ్గర ఉంది. కట్టబొమ్మన్ పుట్టిన తొట్టియ నాయకర్ సమాజం పేరు అందులో ఉంది.

ఒక పక్క 1959లో శివాజీ గణేశన్ నటించిన చిత్రం వచ్చింది, 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట కట్టించింది. మరొక పక్క ఆయన బంధువర్గపు పేరు పాత ముద్రకు గుర్తుగా జాబితాలో నిలిచింది. ఆ చిత్రం ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అనే పేరుతో తెలుగులోకి డబ్బింగ్ అయిందని కూడా గుర్తుచేసుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి, తెలుగు దేశానికి తమిళం మీదుగా అనువాదమై వచ్చాడు.

ఆంధ్రదేశంలోనూ ఇటువంటి కథ నడిచింది. దత్తమండలాలలో 1800 నుంచి 1807 వరకు ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ల కోటలను అణచివేశాడు. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు. కోవిల్‌పట్టి తెలుగువారి చరిత్రను రాయలసీమ చరిత్ర పక్కన పెట్టి చదివితే, ఒకే చేయి రెండు చోట్లా ఒకే మాట రాసిన తీరు కనిపిస్తుంది.

ఎలా చదవాలి?

ఇకపై ఏ కథలోనైనా, ఏ పత్రంలోనైనా ‘దొంగల స్థావరం’ అన్న మాట ఎదురైతే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మా సూచన. ఆ మాట రాసినది ఎవరు? అక్కడివారు తమ చోటును ఏ పేరుతో పిలుచుకున్నారు? ‘దోపిడీ’ అంటున్న సొమ్ముకు బదులుగా ఇచ్చేవారికి ఏమైనా దక్కిందా? ఆ స్థావరం కూలిన తరువాత ఆ సొమ్ము ఎవరి చేతికి పోయింది? నాలుగింటికీ జవాబులు దొరికాక కూడా అది దొంగల స్థావరమేనని తేలవచ్చు. కాన్హోజీ ఆంగ్రేకు ఒక జవాబు, బోస్కోన్‌కు మరొక జవాబు రావచ్చు. ప్రశ్న వేయకుండా మాత్రం ఒప్పుకోరాదు.

ఈ పనికి కోవిల్‌పట్టి, విరుదునగర్ విద్యార్థులకు ఉన్న వసతి మరెవరికీ లేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువారు ఈ కరిసల్ నేలకు వలస వచ్చిన కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. ఇంట్లో విన్న మాటలు పుస్తకమవుతాయనడానికి అది నిదర్శనం. విరుదునగర్‌లో బస్సెక్కి సాత్తూరు, కోవిల్‌పట్టి దాటి తిరునల్వేలి దారిన పోతే కయత్తారు వస్తుంది. దారి పొడవునా కనిపించే నల్లని నేల ఈ పాళెములదే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వనో తాతనో కూర్చోబెట్టుకుని, కావలి, దేశకావలి, దండు, దివిటీ దొంగలు అన్న మాటలు వారికి ఏ అర్థంలో తెలుసో అడిగి, వారు పలికినట్టే తెలుగు లిపిలో రాసుకు రమ్మని కోరుతున్నాము. కంపెనీ కాగితాలు భద్రంగా ఉన్నాయి, వాటికి తొందర లేదు. తాతల మాటలకు ఆ భద్రత లేదు.